పెట్టెలోని గాలిదే పాట

పాత రేడియోలోంచి తీసిన నాలుగంగుళాల స్పీకర్‌ను ఉత్తగా బల్ల మీద పెట్టి పాట వేస్తే గాయకుడి గొంతు వినిపిస్తుంది, తాళాల చప్పుడు వినిపిస్తుంది, మృదంగంలో మోత మాత్రం ఉండదు. అదే స్పీకర్‌ను ఖాళీ మట్టికుండ మూతి మీద సందు లేకుండా కూర్చోబెడితే ఆ మోత వచ్చేస్తుంది. ఈ చిట్కా చాలా ఇళ్లలో, హాస్టల్ గదుల్లో తెలిసినదే. చూసినవాళ్లు కుండే శబ్దాన్ని పెంచిందనుకుంటారు. నిజానికి కుండలో శబ్దాన్ని పెంచే సరంజామా ఏమీ లేదు. ఆంప్లిఫయర్ అదే, పాట అదే, స్పీకర్ అదే. అంతకుముందు స్పీకర్ వెనకనున్న గాలి గదిలోని గాలితో కలిసి ఉండేది. ఇప్పుడు అది గట్టి గోడ లోపల చిక్కుకుంది. వచ్చిన మార్పంతా అక్కడే ఉంది.

చెక్క పెట్టెలో బ్యాటరీ, బ్లూటూత్ బోర్డు, రంగురంగుల ఎల్ఈడీలు అమర్చి పోర్టబుల్ స్పీకర్‌ను సొంతంగా చేసుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. విడిభాగాలన్నీ బజార్లో దొరుకుతున్నాయి, టంకం వేయడం వస్తే చాలు. వాళ్ల లెక్కలు ఎక్కువగా మూడింటి చుట్టూ తిరుగుతాయి: ఎన్ని వాట్ల బోర్డు, ఏ చెక్క, ఎలాంటి లైట్లు. ఈ మూడింటికీ డబ్బవుతుంది కాబట్టి ఆలోచన వాటి మీదికి పోవడం సహజమే. పైసా ఖర్చు లేని నాలుగో వస్తువు గురించి అడిగేవాళ్లు అరుదు. పెట్టెలో ఎన్ని లీటర్ల గాలి ఉంటుంది? అది సందుల్లోంచి జారిపోకుండా నిలుస్తుందా? ఇంట్లో చేసుకున్న స్పీకర్ బాగా పలుకుతుందా లేదా అన్నది తేల్చేది ముందుగా ఈ గాలే. చెక్కను, వాట్లను, బ్యాటరీని, లైట్లను ఆ గాలికి మేలు చేస్తున్నాయా, చెరుపు చేస్తున్నాయా అని చూసి ఎంచుకోవాలి.

ముందొక అల, వెనకొక అల

స్పీకర్ పనిచేసే తీరు నూరేళ్లుగా పెద్దగా మారలేదు. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో ప్రకటించిన నమూనాయే నేటి స్పీకర్లకు పునాది. అయస్కాంతపు సన్నని సందులో ఒక రాగి తీగ చుట్ట, దానికి అంటించిన కాగితపు కోన్, ఆ కోన్ అంచును చట్రానికి పట్టి ఉంచే మెత్తని చుట్టు. పాట తాలూకు కరెంటు తీగలో దిశ మార్చుకుంటున్నకొద్దీ చుట్ట ముందుకీ వెనక్కీ ఊగుతుంది, దాంతోపాటు కోన్ కూడా. కోన్ ముందుకు వచ్చినప్పుడు దాని ముందున్న గాలి నొక్కుకుంటుంది. సరిగ్గా అదే క్షణంలో వెనకనున్న గాలి పలచబడుతుంది. అంటే ప్రతి స్పీకర్ నుంచీ ఒకేసారి రెండు అలలు పుడతాయి, అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. రెండూ కోన్ అంచు చుట్టి వచ్చి కలిశాయంటే ఒకదాన్నొకటి చెరిపేస్తాయి.

ఈ చెరుపు అన్ని స్వరాలకూ సమానంగా జరగదు. గాలిలో శబ్దం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు 343 మీటర్లు పోతుంది. సెకనుకు 1,000 కంపనాలున్న స్వరానికి, అంటే 1,000 హెర్ట్జ్‌కి, అల పొడవు 34 సెంటీమీటర్లు. 100 హెర్ట్జ్‌కి అది 3.4 మీటర్లు. నాలుగంగుళాల స్పీకర్‌లో వెనక అల ముందుకు చుట్టి రావడానికి నడవాల్సిన దారి పది సెంటీమీటర్ల పైచిలుకు. 3.4 మీటర్ల అలకు ఆ దారి లెక్కలోకే రాదు. ముందు అల, వెనక అల రెండూ దాదాపు పూర్తి వైరంతోనే కలిసి మాయమవుతాయి. పొట్టి అలల విషయంలో ఆ దారే చెప్పుకోదగ్గ దూరమవుతుంది, పైగా అవి కోన్ ఎదుటి దిశలోనే ఎక్కువగా పోతాయి కాబట్టి చాలావరకు బతికిపోతాయి. అందుకే విడి స్పీకర్‌లో తాళం మిగిలి మృదంగం పోతుంది. పెట్టె మొదటి పని ఈ రెండు అలల మధ్య అడ్డుగోడ కట్టడం. కుండ చేసిందీ అదే.

బిరుసు గాలి, మెత్తని గాలి

వెనక అలను మూసేస్తే సరిపోతుందనుకుంటే ఎంత చిన్న డబ్బా అయినా పనికి రావాలి. అలా జరగదు. మూసిన పెట్టెలో గాలికి ఇంకో గుణం వస్తుంది. కోన్ లోపలికి వస్తే గాలి నొక్కుకుని దాన్ని బయటికి తోస్తుంది, కోన్ బయటికి పోతే పలచబడి వెనక్కి లాగుతుంది. అచ్చంగా స్ప్రింగు చేసే పని ఇది. పెట్టె చిన్నదైతే ఆ స్ప్రింగు బిరుసుగా ఉంటుంది, పెద్దదైతే మెత్తగా. గాలి తాలూకు ఈ బిరుసును చాలాకాలం ఒక బెడదగా చూశారు. అమెరికాకు చెందిన ఎడ్గార్ విల్చర్ 1954లో దాన్నే ఆస్తిగా మార్చాడు. కోన్‌ను పట్టి ఉంచే చుట్టును కావాలనే బాగా వదులుగా చేసి, కోన్‌ను మళ్లీ చోటికి తెచ్చే పనిని పెట్టెలోని గాలికి అప్పగించాడు. గుడ్డతో, కాగితంతో చేసిన చుట్టుకన్నా గాలి ఎంతో క్రమబద్ధంగా సాగి ముడుచుకుంటుంది కాబట్టి బాస్‌లో, అంటే లోతైన మోతలో, వికారం (డిస్టార్షన్) తగ్గింది. హెన్రీ క్లాస్‌తో కలిసి ఆయన పెట్టిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ ఏఆర్-1 అనే స్పీకర్‌ను తెచ్చింది. అప్పటిదాకా నిలువెత్తు పెట్టెలకే సాధ్యమనుకున్న లోతైన బాస్ అరలో పట్టే పెట్టెలోంచి వచ్చింది.

ఏ స్పీకర్‌కు ఎంత గాలి కావాలో లెక్కగట్టే పద్ధతి ఆ తర్వాత వచ్చింది. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లో వేసిన దారిని 1970ల్లో రిచర్డ్ స్మాల్ పూర్తి చేశాడు. నాణ్యమైన స్పీకర్ కొంటే దానితో వచ్చే కాగితంలో ఇప్పటికీ వాళ్ల పేర్లతో పిలిచే సంఖ్యలుంటాయి. వాటిలో మూడు ముఖ్యం. ఎఫ్ఎస్ అంటే స్పీకర్ తనంతట తాను ఊగే సహజ వేగం. క్యూటీఎస్ అంటే ఆ ఊపు ఎంత త్వరగా సద్దుమణుగుతుందో చెప్పే సంఖ్య. విఏఎస్ అంటే స్పీకర్ చుట్టుకు ఉన్నంత బిరుసు ఎన్ని లీటర్ల గాలికి ఉంటుందో ఆ పరిమాణం. ఉదాహరణకు ఒక నాలుగంగుళాల స్పీకర్‌కు ఇవి వరసగా 75 హెర్ట్జ్, 0.5, 5 లీటర్లు అనుకుందాం. విఏఎస్‌ను పెట్టె లీటర్లతో భాగించి, ఒకటి కలిపి, వర్గమూలం తీయాలి. వచ్చిన సంఖ్యతో ఎఫ్ఎస్‌నూ క్యూటీఎస్‌నూ గుణిస్తే పెట్టెలో బిగించాక ఆ స్పీకర్ ఎలా ప్రవర్తిస్తుందో తెలుస్తుంది.

5 లీటర్ల పెట్టెకు ఆ వర్గమూలం 1.41. కాబట్టి ఊగే వేగం 106 హెర్ట్జ్‌కి చేరుతుంది, రెండో సంఖ్య 0.71 అవుతుంది. మూసిన పెట్టెల్లో అందరూ కోరుకునే విలువ ఇదే. ఎక్కడా ఉబ్బు లేకుండా 106 హెర్ట్జ్ వరకూ చదునుగా పలికి, అక్కడి నుంచి మెల్లగా తగ్గుతుంది. అదే స్పీకర్‌ను 2 లీటర్ల పెట్టెలో పెడితే 140 హెర్ట్జ్, 0.94. ఒక్క లీటరులో ఇరికిస్తే 184 హెర్ట్జ్, 1.22. ఈ చివరి పెట్టెలో అసలు బాస్ పోతుంది, దానికి బదులు 200 హెర్ట్జ్ దాటిన చోట రెండున్నర డెసిబెళ్ల ఉబ్బు వస్తుంది. మగగొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, తబలా మీది ప్రతి దెబ్బా ఒకే శ్రుతిలో మోగుతుంది. స్పీకర్ మార్చలేదు, ఒక్క వాటు తగ్గించలేదు, నాలుగు లీటర్ల గాలి తగ్గింది, అంతే. ఆ 5 లీటర్లు పెద్ద స్థలమేమీ కాదు. లోపలి కొలతలు 25, 20, 10 సెంటీమీటర్లుంటే చాలు, సంచిలో పట్టే పెట్టె. స్పీకర్ అయస్కాంతం, బోర్డు ఆక్రమించే చోటుకు మరో పావు లీటరు కలుపుకోవాలి.

గొట్టం పెట్టాలా, వద్దా?

కొన్ని పెట్టెలకు స్పీకర్ పక్కన గుండ్రటి రంధ్రం కనిపిస్తుంది. దాన్ని చూసి ఇంట్లో చేసే పెట్టెకు కూడా ఓ చిల్లు పెట్టేవాళ్లున్నారు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం వస్తుంది కదా, ఆ రంధ్రం వెనక ఉన్న సూత్రం కూడా అదే. సీసా మెడలోని గాలి ఒక ముద్దగా అటూ ఇటూ ఊగుతుంది, లోపలి గాలి దానికి స్ప్రింగు అవుతుంది. 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ దీని లెక్క తేల్చాడు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఆల్బర్ట్ థురాస్ దాన్ని స్పీకర్ పెట్టెకు వాడి 1932లో పేటెంట్ పొందాడు. వృథాగా పోయే వెనక అలను గొట్టం ద్వారా, సరైన సమయానికి తిప్పి బయటికి పంపితే అది ముందు అలకు తోడవుతుంది. 5 లీటర్ల పెట్టె 70 హెర్ట్జ్ దగ్గర ఇలా పలకాలంటే లోపలి వ్యాసం మూడున్నర సెంటీమీటర్లున్న పీవీసీ గొట్టం సుమారు 9 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. గొట్టం లావైతే పొడవూ పెరగాలి. పొడవు లేని ఉత్త చిల్లు పెడితే అది వేరే స్వరానికి ఊగుతుంది, బాస్‌కు ఒక సందుగా మాత్రమే మిగులుతుంది.

మరి గొట్టంతో బాస్ పెరుగుతుంటే మూసిన పెట్టె ఎందుకు? కారణాలు రెండు. గొట్టం అన్ని స్పీకర్లకూ నప్పదు. క్యూటీఎస్ 0.3కూ 0.4కూ మధ్య ఉన్నవాటికి బాగా కుదురుతుంది, 0.5 దాటినవాటికి మూసిన పెట్టే మేలు. రెండోది, గొట్టం ఊగే స్వరం కన్నా కిందికి పోతే లోపలి గాలి కోన్‌ను పట్టి ఉంచడం మానేస్తుంది. అప్పుడు కోన్ హద్దు మీరి కొట్టుకుని చుట్ట చెడిపోవచ్చు. మూసిన పెట్టెలో పరిమాణం పదో వంతు అటూ ఇటూ అయినా చెవికి పెద్దగా తేడా తెలియదు. గొట్టపు పెట్టె అంత ఓర్చుకోదు. కొలతల కాగితం లేని స్పీకర్‌తో, మొదటిసారి చేసేవాళ్లకు మూసిన పెట్టే సరైన దారి.

అరచేతి స్పీకర్ల సంగతేమిటి?

ఇక్కడొక బలమైన అభ్యంతరం వస్తుంది. ఒక్క లీటరు గాలి కూడా లేని కంపెనీ స్పీకర్లు అరచేతిలో ఇమిడిపోయి గుండె అదిరేలా మోగుతున్నాయి కదా, గాలి లెక్క నిజమైతే అవెలా సాధ్యం? అవి ఆ నియమాన్ని దాటలేదు, దానికి వేరే చోట మూల్యం చెల్లిస్తున్నాయి. చిన్న పెట్టె, లోతైన బాస్, తక్కువ కరెంటుకు ఎక్కువ శబ్దం అనే మూడింటిలో రెండే దక్కుతాయని అమెరికన్ ఇంజనీరు జోసఫ్ ఆంటన్ హాఫ్‌మన్ చెప్పిన సూత్రం స్పీకర్ల రంగంలో ఇనుప నియమంగా పేరుపడింది. అరచేతి స్పీకర్లు మూడోదాన్ని వదులుకుంటాయి. బరువైన కోన్‌ను ఎక్కువ దూరం ఊపే ప్రత్యేకమైన స్పీకర్ వేస్తారు. గొట్టానికి బదులు తీగచుట్ట లేని మరో కోన్‌ను పక్కన బిగిస్తారు. లోపలి చిప్ బాస్‌ను ముందే బాగా పెంచి పంపుతుంది. ధ్వని పెంచుతున్నకొద్దీ ఆ పెంపును అదే చిప్ గుట్టుగా తగ్గించేస్తుంది, లేకపోతే కోన్ చిరిగిపోతుంది. పూర్తి ధ్వనిలో వాటి బాస్ ముప్పావు ధ్వనిలో ఉన్నంత గట్టిగా లేకపోవడానికి ఇదే కారణం.

వాటికి మన చెవి కూడా సాయపడుతుంది. 100, 150, 200 హెర్ట్జ్ స్వరాలు కలిసి వినిపిస్తే అక్కడ లేని 50 హెర్ట్జ్‌ను మెదడు తానే ఊహించుకుంటుంది. చిన్న స్పీకర్లలో వినిపించే బాస్‌లో కొంత ఇలా పుట్టిందే. ఈ హంగులన్నీ స్పీకర్‌నూ చిప్‌నూ ఒకదానికొకటి తూచి తయారు చేసే కర్మాగారానికి సాధ్యం. బజార్లో విడిగా కొన్న స్పీకర్‌కూ విడిగా కొన్న బోర్డుకూ ఆ పొందిక ఉండదు. ఇంట్లో చేసేవాళ్లకు కంపెనీకి లేని సౌలభ్యం ఒకటుంది. పెట్టెను జేబులో పట్టేలా చేయాలన్న ఒత్తిడి లేదు. ఆ సౌలభ్యాన్ని వదులుకుని కంపెనీ వస్తువు పరిమాణాన్ని అనుకరించడం తెలివైన పని కాదు.

చెక్క పాడకూడదు

చెక్క పెట్టె శబ్దానికి తీపి ఎక్కువన్న నమ్మకం గట్టిది. దానికి ఆధారంగా వీణనో తబలానో చూపిస్తారు. ఆ పోలికే పొరపాటు. బొబ్బిలిలో వీణను పనస దుంగ నుంచి తొలుస్తారు. వీణ తీగ సన్నది, దాని కదలికకు గాలి పెద్దగా కదలదు. తీగ కంపనాన్ని గుర్రం ద్వారా అందుకుని, తాను ఊగి, గాలిని కదిలించడం చెక్క బాధ్యత. ఏ చెక్క, ఎంత పలచన అన్నదాని మీద ఆ వాద్యపు గుణం ఆధారపడుతుంది. స్పీకర్‌లో గాలిని కదిలించే పని కోన్ ఇప్పటికే చేస్తోంది. చెక్క కూడా ఊగితే పాటలో లేని స్వరాన్ని పాటకు కలుపుతుంది. ఏ పాట వేసినా ఒకే రకం గుయ్‌మనే రంగు అంటుకుంటుంది. అంతేకాదు, లోపలి గాలి నొక్కినప్పుడల్లా పలక ఉబ్బిపోతుంటే ఆ గాలి స్ప్రింగు పట్టు సడలుతుంది. కాబట్టి స్పీకర్ చెక్కకు ఉండాల్సిన మొదటి గుణం మౌనం.

ఆ మౌనం చెక్క జాతి కన్నా మందం వల్ల ఎక్కువగా వస్తుంది. పలక బిరుసు మందం ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పలక కన్నా 12 మిల్లీమీటర్ల పలక ఎనిమిది రెట్లు బిరుసు. ఖరీదైన టేకు పలచటి పలక కన్నా మామూలు ప్లైవుడ్ 12 మిల్లీమీటర్ల పలక మేలని ఈ ఒక్క లెక్కే చెబుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి చెక్క తేలికగా, మెత్తగా ఉండి చెక్కడానికి హాయిగా ఉంటుంది, ఆ తేలికతనం వల్లే ఈ పనికి కుదరదు. ఎండీఎఫ్ బరువుగా, లోపలంతా ఒకేలా ఉంటుంది కాబట్టి ఇంట్లో కదలకుండా ఉండే పెట్టెలకు మంచిదే. కానీ తడి తగిలితే దాని అంచులు ఉబ్బిపోతాయి. కోస్తా గాలికీ, వానలో ప్రయాణానికీ నీటిని తట్టుకునే రకం ప్లైవుడ్ నయం. మందం పెంచితే బరువు పెరుగుతుందనే మాట నిజమే. అన్ని పలకలనూ లావు చేయనక్కర్లేదు. పెద్ద పలకల నడుమ ఎదురెదురుగా ఒక అడ్డకర్ర అంటిస్తే తక్కువ బరువుతోనే బిరుసు వస్తుంది. వేలి కణుపుతో తట్టి చూస్తే పొట్టిగా, చచ్చు శబ్దం రావాలి, మోగకూడదు.

మరి ప్లాస్టిక్ డబ్బా కన్నా చెక్క పెట్టె బాగుంటుందని వినేవాళ్లు అంటున్నది అబద్ధమా? కాదు, కారణం వేరు. వాళ్లు పోలుస్తున్నది పలచటి ప్లాస్టిక్‌ను మందమైన చెక్కతో. అంతే మందం, అంతే బిగువు ఉన్న ప్లాస్టిక్ పెట్టె కూడా బాగానే పలుకుతుంది. చెక్కను ఎంచుకోవడానికి ఇంతకన్నా గట్టి కారణాలున్నాయి. కోయడం తేలిక, స్క్రూ పట్టు నిలుస్తుంది, ఫెవికాల్‌తో అంటుకున్న అతుకు గాలిని ఆపుతుంది, వడ్రంగి ఎక్కడైనా దొరుకుతాడు. పెట్టె లోపల దిండుల్లో నింపే పాలిస్టర్ దూదిని వదులుగా పరిస్తే ఇంకో లాభం ఉంది. నొక్కుకున్న గాలి వేడెక్కుతుంది, ఆ వేడి వల్ల దాని బిరుసు మరింత పెరుగుతుంది. దూది ఆ వేడిని పీల్చుకుంటే గాలి కాస్త మెత్తబడి, పెట్టె పదో వంతుకు పైగా పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. లోపలి గోడల మధ్య కొట్టుకునే మధ్యస్థాయి శబ్దాన్ని కూడా అది తగ్గిస్తుంది.

వాట్ల లెక్కలో అసలు వాటా

బోర్డు మీద 100 వాట్లని రాసి ఉంటే 100 వాట్లు వస్తాయన్న భరోసా లేదు. ఇప్పటి చిన్న బోర్డులన్నీ క్లాస్-డి రకం. కరెంటును సెకనుకు లక్షల సార్లు తెరచి మూస్తూ పనిచేస్తాయి కాబట్టి తొంభై శాతం వరకూ సామర్థ్యం ఉంటుంది, వేడి తక్కువ, బ్యాటరీకి అనువు. స్పీకర్ రెండు కొసలనూ నడిపే ఇలాంటి బోర్డులు వికారం లేకుండా ఎంత ఇవ్వగలవో ఎవరైనా లెక్కగట్టవచ్చు. బ్యాటరీ వోల్టేజీని దానితోనే గుణించి, స్పీకర్ ఓమ్‌ల రెట్టింపుతో భాగించాలి. 5 వోల్టులు, 4 ఓమ్‌లైతే 3.1 వాట్లు. 12 వోల్టులు, 4 ఓమ్‌లైతే 18 వాట్లు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు అందులో సగం. భౌతికశాస్త్రం గీసిన గీత ఇది, డబ్బా మీది స్టిక్కర్ దాన్ని దాటలేదు. అదే బోర్డు ఇంతకన్నా పెద్ద సంఖ్యను అందుకోవాలంటే 24 వోల్టుల లాంటి ఎక్కువ వోల్టేజీ కావాలి.

ఆ వాట్లు కూడా చాలావరకు శబ్దం కావు. ఒక వాట్‌కు ఒక మీటరు దూరంలో 88 డెసిబెళ్లు ఇచ్చే స్పీకర్ తీసుకున్న కరెంటులో శబ్దంగా మార్చేది సుమారు 0.4 శాతం, మిగతాదంతా చుట్టలో వేడి. అందుకే వాట్లు పెంచడం కన్నా స్పీకర్ సున్నితత్వం చూడటం లాభం. 85 బదులు 88 డెసిబెళ్ల స్పీకర్ ఎంచుకుంటే ఆంప్లిఫయర్‌ను రెట్టింపు చేసినట్టే. చెవికి శబ్దం రెండింతలైనట్టు అనిపించాలంటే పవర్ పది రెట్లు కావాలి, 18 నుంచి 30 వాట్లకు వెళ్తే తేడా కొద్దిగానే తెలుస్తుంది. మేడ మీదికి తీసుకెళ్లగానే బాస్ పడిపోవడం కూడా వాట్ల లోపం కాదు. గదిలో గోడలూ మూలలూ బాస్ అలలను తిప్పి పంపి బలం చేకూరుస్తాయి, ఆరుబయట ఆ సాయం ఉండదు. అక్కడ బాస్ నాబ్ తిప్పే బదులు పెట్టెను పిట్టగోడ మూలకు చేర్చడం తెలివి.

బ్యాటరీ, లైట్లు

18650 రకం లిథియం సెల్ అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. మామూలు వోల్టేజీ 3.7, నిండితే 4.2. మూడింటిని వరసగా కలిపితే సుమారు 11 వోల్టులు, నిండుగా 12.6. ఒక్కొక్కటీ 2,500 మిల్లీఆంపియర్ గంటలదైతే మొత్తం శక్తి 28 వాట్ గంటలు. ఈ పరిమాణంలో 9,900 అని రాసి అమ్మే సెల్ నకిలీయే, మంచి కంపెనీ సెల్స్ సామర్థ్యం 3,500 ప్రాంతంలోనే ఆగుతుంది. సంగీతంలో మోత దెబ్బలు సగటు స్థాయి కన్నా 10 నుంచి 20 డెసిబెళ్లు పైన ఉంటాయి. కాబట్టి 18 వాట్ల బోర్డు గట్టిగా పాడుతున్నా సగటున వాడేది రెండు వాట్ల లోపే. బ్లూటూత్‌నూ బోర్డు సొంత ఖర్చునూ కలిపి రెండున్నర వాట్లనుకుంటే 28 వాట్ గంటలు పదకొండు గంటలు నడుస్తాయి. ఇప్పుడు దానికి మీటరు పొడవు ఎల్ఈడీ స్ట్రిప్ కలపండి. చిన్న దీపాల రకం పూర్తి వెలుగులో మీటరుకు 4.8 వాట్లు తింటుంది, పదకొండు గంటలు నాలుగు గంటల లోపుకు దిగుతాయి. పెద్ద దీపాల రకం 14.4 వాట్లు, రెండు గంటలు కూడా నిలవదు. స్పీకర్ అనుకుంటూ మోస్తున్నది నిజానికి అప్పుడప్పుడూ పాడే దీపం అవుతుంది.

అందుకని లైట్లు వద్దనడం సరికాదు. పండగ సందడికి వెలుగు కావాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు, పైగా శబ్దాన్ని కంటికి చూపే లైట్లు ఒక పాఠం నేర్పుతాయి. ఎల్ఎమ్3915 అనే చిప్ పది ఎల్ఈడీలను వరసగా వెలిగిస్తుంది, ఒక్కో మెట్టు మూడు డెసిబెళ్లు. మొదటి దీపం వెలిగే పవర్‌కూ పదో దీపం వెలిగే పవర్‌కూ తేడా 500 రెట్లు. చెవి ఎంత విశాలమైన పరిధిని ఎంత అలవోకగా మోస్తుందో ఆ వరస చూపిస్తుంది. పది దీపాలకు ఒక వాటు కూడా సరిపోతుంది. చెడు చేసేది లైట్ల అమరిక. వెలుగు మారినప్పుడల్లా వాటి కరెంటు ఎగిరిపడుతుంది. లైట్లకూ బోర్డుకూ ఒకే నల్ల తీగ వాడితే, ఆ తీగ నిరోధం 0.1 ఓమ్ అయినా ఒక ఆంపియర్‌కు 0.1 వోల్టు తేడా పడుతుంది. పాట సంకేతమే ఒక వోల్టు ప్రాంతంలో ఉంటుంది కనుక ఆ తేడా సన్నటి ఈలగా వినిపిస్తుంది. లైట్లకు బ్యాటరీ కొసల నుంచే విడి తీగలు లాగితే ఈల పోతుంది. ఇక గాలి మాటకొస్తే, ప్రతి దీపానికీ పెట్టెలో ఒక చిల్లు పొడవడం అంటే ప్రతి దీపం దగ్గరా గాలి కారడమే. స్ట్రిప్‌ను బయటి అంచున గాడిలో అంటించి, తీగకు ఒక్క రంధ్రం పెట్టి, దాన్ని ఎమ్-సీల్‌తో మూసేయాలి.

బ్యాటరీ విషయంలో రాజీ పనికిరాదు. ప్రతి సెల్‌నూ 4.2 వోల్టులకు మించకుండా, మరీ కిందికి పడిపోకుండా కాపాడే రక్షణ బోర్డు, దానితో పాటు ఒక ఫ్యూజు ఉండాలి. 12.6 వోల్టుల లిథియం చార్జరే వాడాలి, ఇంట్లో దొరికిన 12 వోల్టుల అడాప్టర్‌ను నేరుగా తగిలించకూడదు. సెల్ మీద టంకం వేసి కాల్చకుండా హోల్డర్ వాడటం, ఉబ్బిన సెల్‌నూ పై తొడుగు చిరిగిన సెల్‌నూ పక్కన పెట్టడం తప్పనిసరి. సెల్స్‌ను స్పీకర్ గాలిగదిలో కాక, పక్కనే బయటి గాలి ఆడే విడి అరలో ఉంచితే వేడీ బయటికి పోతుంది, మార్చడం కూడా సులువు. మూడు సెల్స్ పరిమాణం కలిపినా 50 ఘన సెంటీమీటర్లే, లెక్క చెడదు.

ఇంతా చేస్తే కొన్నదానికన్నా చవకగా వస్తుందా? చాలాసార్లు రాదు. అంతకన్నా తేలిగ్గా, అంతకన్నా అందంగా ఉన్న కంపెనీ వస్తువు అదే డబ్బుకు దొరకవచ్చు. బ్యాటరీ చచ్చిన రోజున తేడా తెలుస్తుంది. అంటించి మూసిన డబ్బాలో సెల్ మార్చడం కష్టం, మొత్తం వస్తువు చెత్తకు పోతుంది. స్క్రూలతో బిగించిన పెట్టెలో రెండు నిమిషాల పని. ప్రతి భాగం విడిగా మార్చుకోగలిగేదే కాబట్టి ఆ పెట్టె చాలా ఏళ్లు పనిచేస్తుంది, పాడైనచోట ఏది పాడైందో చేసినవాడికి తెలుస్తుంది.

కాబట్టి రంపం పట్టకముందే స్పీకర్ కాగితంలోని మూడు సంఖ్యలు చదవండి, లీటర్లు లెక్కగట్టండి, పెట్టె కొలతలు దాన్నిబట్టి గీయండి. అతుకుల్లో ఫెవికాల్, స్పీకర్ అంచు కింద ఫోమ్ టేప్, తీగ రంధ్రంలో ఎమ్-సీల్ వేయండి. రెండు స్పీకర్లుంటే ఒకటిన్నర వోల్టుల సెల్‌ను క్షణం పాటు తాకించి, ఎరుపు కొసకు ప్లస్ ఇచ్చినప్పుడు రెండు కోన్లూ ముందుకే వస్తున్నాయో లేదో చూడండి. ఒకటి వెనక్కి పోతుంటే తీగలు తిరగబడ్డాయి, ఆ రెండూ ఒకదాని బాస్‌ను మరొకటి తినేస్తాయి. చివరగా కోన్‌ను నాలుగు వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి, కాసేపు అలాగే పట్టి వదలండి. నింపాదిగా తిరిగి వస్తే గాలి లోపల నిలిచింది, చటుక్కున ఎగిరి వస్తే ఎక్కడో సందుంది. ఆ సందు మూసేవరకూ పెద్ద బోర్డు కోసం బజారుకు వెళ్లకండి.